గెడ్డ అవతలి ఓట్లు

చేప కొనే ముందు రామలక్ష్మమ్మ మొప్ప ఎత్తి చూస్తుంది. పైకి ఎంత నిగనిగలాడినా లోపల ఎరుపు లేకపోతే తట్టలో వెయ్యదు. సొరరేవు ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, తగరపువలస మార్కెట్లో కూర్చుని అమ్మి, పాతికేళ్ళుగా బతుకుతున్న మనిషి. ఓట్లకు వచ్చే బాబుల్ని కూడా ఆవిడ ఆ చూపుతోనే చూసేది. దండలు, దణ్ణాలు, గంజి పెట్టిన ఖద్దరు, అన్నీ పైపొలుసు. మొప్ప ఎత్తితే ఒక్కడిలోనూ నెత్తురు చుక్క కనబడలేదు.

సొరరేవు రెండు ముక్కల ఊరు. నడుమ గెడ్డ పారుతుంది. జిల్లాలు చీల్చినప్పుడు ఎవరో పెద్దమనిషి ఆ గెడ్డనే సరిహద్దు చేసి పారేశాడు. ఈవలి ఒడ్డు విశాఖపట్నం జిల్లా, రామలక్ష్మమ్మ ఇల్లున్న ఆవలి ఒడ్డు విజయనగరం జిల్లా. ఊళ్ళో వాళ్ళకు అది పట్టలేదు. కలెక్టర్లు ఇద్దరైతేనేం, గంగమ్మ గుడి ఒక్కటే, ఎంపీ ఒక్కడే. విశాఖపట్నం సీటుకు ఎవడు నిలబడ్డా రెండు ఒడ్డుల ఓట్లూ వాడికో, వాడి మీద పోటీ చేసినవాడికో పడేవి.

ఊరికి కావలసింది కూడా ఒక్కటే. గెడ్డ సముద్రంలో కలిసే చోట కెరటం మూడు వరసల్లో విరుగుతుంది. పడవ వెళ్ళాలన్నా, రావాలన్నా ఆ మూడు దాటాలి. ఆవలి ఒడ్డున నీళ్ళలో బండ ఉంది. దాని మీద రాళ్ళు పోసి గట్టు కడితే పడవలు ఆ చాటున నిమ్మళంగా లోపలికి వస్తాయి. ఈ మాట చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు, బుడ్డగోచీ పిల్లాడు చెప్తాడు. రామలక్ష్మమ్మ మొగుడు అప్పలసూరి తొంభై ఒకటిలో ఆ మూడో కెరటంలోనే పోయాడు. ఒడ్డుకు వంద గజాలు. ఆవిడ తట్ట పట్టుకుని నిలబడి చూస్తూనే ఉంది. కొడుకు కోటికి అప్పుడు నాలుగేళ్ళు.

మనిషి రెండు రోజుల తరవాత దొరికాడు. వల మాత్రం ఆ సాయంత్రమే దానంతటది ఒడ్డుకొచ్చింది. అప్పలసూరి అన్న జగ్గయ్య ఊరికి పెద్ద. "మనిసిని తీసుకుని వల తిరిగిచ్చీసింది. ఇది ఇంక తల్లి వల" అని దాన్ని మోసుకుపోయి గంగమ్మ గుడిలో దూలానికి వేలాడదీశాడు. ఆ వల ఎవరి రెక్కల కష్టమో ఆ ఇంటిదాన్ని అడగాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. ఊరి పెద్దలకు అంత తీరిక ఎక్కడిది?

ఆ తరవాత ఏ ఎన్నిక వచ్చినా సొరరేవులో ఓటు ఆ వల మీద తేలేది. దాన్ని వలమాట అనేవారు. గుడి ముందు వల పరిచి, గడపకొక మగవాడు అంచు పట్టుకోవాలి. ఎవరికి వెయ్యాలో జగ్గయ్య పలుకుతాడు, మిగతావాళ్ళు ఊఁ అంటారు. మగవాడు పట్టుకుంటే ఆ గడపలో ఆడవాళ్ళ ఓట్లు కూడా కట్టుబడినట్టే. మాట తప్పితే పట్టుకున్నవాడిని సముద్రం వదలదు. మాట అందుకున్నవాడు వచ్చి అదే అంచు పట్టుకుని, తనంతట తాను వదిలేస్తేనే ఊరికి విడుదల. మాట ఆ ఎన్నికతోనే తీరిపోయేది గనక ఇన్నేళ్ళలో ఆ అవసరం రాలేదు. ఓడినవాడు ఎటూ ఊరి మొహం చూసేవాడు కాదు, గెలిచినవాడు అంతకన్నా చూసేవాడు కాదు.

తొంభై ఆరు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. నాలుగేళ్ళలో మూడు ఎన్నికలు. వలకు గుడిలో ఊపిరి సలిపేది కాదు. వచ్చినవాళ్ళలో ఒకాయన బూట్లకు ఇసక అంటుతుందని సిమెంటు రోడ్డు దిగలేదు. ఇంకొకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే "మీ కష్టం నా కష్టం" అన్నాడు. రుమాలు తియ్యకుండా కష్టం ఎలా పంచుకున్నాడో ఆయనకే తెలియాలి. మరొకాయన ఏకంగా గట్టుకు శంకుస్థాపన రాయి వేశాడు. నల్లరాయి, మీద బంగారు అక్షరాలు. మర్నాటి నుంచి పక్కింటి చిట్టమ్మ దాని మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకుంది. సొరరేవుకు ఢిల్లీ నుంచి అందిన మేలు అప్పటికి అదొక్కటే, అందుకని రామలక్ష్మమ్మ ఆ రాయిని ఎప్పుడూ తిట్టలేదు.

రెండువేల నాలుగులో దేవీప్రసాద్ గెలిచాడు. ఈయన తీరు వేరు. ఇసకలోకి దిగాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోలేదు. మూడేళ్ళు పోయాక నిజంగానే ఒక పడవ, ఇద్దరు సర్వేవాళ్ళు వచ్చి బండ దగ్గర లోతు కొలుచుకుని వెళ్ళారు. ఎంపీ నిధుల్లోంచి గట్టు మంజూరైందని కాగితం చూపించారు. ఊరు ఊరంతా పొంగిపోయింది. దేవీప్రసాద్ స్వయంగా గుడి దగ్గరికి వచ్చి, "నేను చెయ్యాల్సింది చేశాను. ఇక మీ మాట కావాలి" అన్నాడు. ఎన్నికలకు ఇంకా రెండేళ్ళుంది. చేప పడకముందే పులుసు అడుగుతున్నాడు ఈయన, అనుకుంది రామలక్ష్మమ్మ, ఆడవాళ్ళ వరసలో వెనక నిలబడి.

జగ్గయ్యకు మాట ఇవ్వడమంటే మహా సరదా. తనకు ఎలాగూ ఇవ్వడానికి ఇంకేమీ లేదు. వల పరిపించాడు. గొంతు సవరించుకున్నాడు.

"గట్టు పడీదాకా సొరరేవు ఓటు ఈ బాబుకే. ఇంకో గుర్తు మీద మా ఊరి ఏలు పడదు. పడితే తల్లి సూసుకుంటాది."

మూడొందల యాభై మంది మగవాళ్ళు ఊఁ అన్నారు. ఆ ఏడాదే మొదటిసారి రామలక్ష్మమ్మ గడప తరఫున కోటి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళవాడు. అంతకుముందు ఆ గడపకు కూడా జగ్గయ్యే పట్టుకునేవాడు. తండ్రి వల అంచు చేతిలోకి తీసుకున్నప్పుడు వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేవీప్రసాద్ చప్పట్లు కొట్టాడు.

అప్పటికే పేపర్లలో సీట్ల సరిహద్దులు మారుతున్నాయని రాస్తున్నారు. అభ్యంతరాలుంటే అర్జీ పెట్టుకోమన్నారు. తగరపువలసలో టీ కొట్టు దగ్గర ఎవరో చదివి వినిపిస్తే, రామలక్ష్మమ్మ వచ్చి జగ్గయ్యతో చెప్పింది.

"బావా, ఓట్లకి కొత్త గీత గీత్తన్నారట. గెడ్డ అవతల మనం ఏరే సీటయిపోతామట. ఓ కాయితం పెట్టరాదా?"

జగ్గయ్య నవ్వాడు. "గెడ్డ మీద గీత గీత్తారా? పిచ్చిదానా, గెడ్డ నోరు ఏడాదికోపాలి జరిగిపోతాది. మొన్న తుపానుకి అటు పోనాది, నిరుడు ఇటొచ్చినాది. ఆ గీత ఏటి నిలబడతాది? నేల మీదోలు గీసుకోనీ. మనం నీటోలం."

అదీ పెద్దరికం. సముద్రంలో కొండ గుర్తు చూసి వల ఎక్కడ వెయ్యాలో చెప్పగల మనిషి, ఢిల్లీలో కాగితం మీద గెడ్డ జరగదని తెలుసుకోలేకపోయాడు. నీళ్ళు జరుగుతాయి, గీత జరగదు. మర్నాడు ఎవరూ అర్జీ పెట్టలేదు, ఆ మర్నాడూ పెట్టలేదు. రెండువేల ఎనిమిదిలో గీత ఖాయమైంది. ఈవలి ఒడ్డు విశాఖపట్నం సీటులో ఉండిపోయింది. ఆవలి ఒడ్డు, నూటయాభై గడప, నాలుగొందల ఓట్లు, కొత్తగా పుట్టిన విజయనగరం సీటులో పడింది.

గట్టు కట్టాల్సిన బండ ఆవలి ఒడ్డునే ఉంది.

ఎంపీ నిధులు నియోజకవర్గం దాటవట. సర్వే పడవ మళ్ళీ రాలేదు. అయినా జగ్గయ్య, "బాబు మాటిచ్చినాడు" అంటూ గుడి అరుగు మీద కూర్చున్నాడు. రెండువేల తొమ్మిది వేసవికి ఎన్నికలొచ్చాయి. ఆవలి ఒడ్డున కొత్త సీటుకు శ్రీరామ్మూర్తి అనే ఆయన నిలబడ్డాడు. ఆయన మనిషి ఒకడు మోటారుసైకిలు మీద వచ్చి సూటిగా చెప్పాడు: "పోటీ గట్టిగా ఉంది. నాలుగొందల ఓట్లంటే మాటలు కాదు. వేస్తే మీ గట్టు ఫైలు మేం కదుపుతాం. బూతు ఖాళీగా పోయిందా, అయిదేళ్ళు మా గుమ్మం తొక్కొద్దు."

ఆవలి ఒడ్డు మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేలు ఎక్కడ పెడతారు? వలమాట ఇచ్చిన బాబు గుర్తు ఈ బూతులో ఉండదు. ఇంకో గుర్తు మీద వేలు పడకూడదు. లేని గుర్తుకు వెయ్యలేరు, ఉన్న గుర్తుకు వెయ్యకూడదు. ఇంత చక్కటి ముడి ఏ సాలెపురుగూ వెయ్యలేదు, ఒక్క సొరరేవు పెద్ద తప్ప.

ఆ రాత్రి అన్నం ముందు కోటి అన్నాడు: "అమ్మా, ఓట్ల రోజు నాను ఏటకెల్లిపోతాను. ఊళ్ళో ఉంటే మనసు లాగుతాది."

"వల పట్టుకున్నది నువ్వు. నాను పట్టలేదు కదా, నానేస్తాను."

"గడప కదమ్మా. నువ్వేసినా నా మీదే."

రామలక్ష్మమ్మ కంచంలో పులుసు పోసింది. ఎంపీల మీద ఆవిడకు నమ్మకం లేదు, జగ్గయ్య మీద అసలే లేదు. కానీ ఆ వల మీద భయం ఉంది. దాన్ని అల్లిన వేళ్ళు ఎలాంటివో, అవి నీళ్ళలోంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో ఆవిడకు తెలుసు. రోజూ ఆ మూడు కెరటాలు దాటేది కోటి. ఎంత తెలివైనదైనా, ఎంత నోరున్నదైనా, కొడుకు తల మీద పందెం కాయదు. అలాగని చేతులు కట్టేసుకుని బేరం ఆడేదెలా? చేతిలో సరుకు ఉంటేనే బేరం. చేతిలో నాలుగొందల ఓట్లున్నాయి, అవి గుడి దూలానికి వేలాడుతున్నాయి.

"ఆ దేవీప్రసాద్ బాబొచ్చి ఒగ్గీస్తే సరిపోద్ది కదా" అంది చిట్టమ్మ, రాయి మీద నెత్తళ్ళు తిప్పుతూ. ఒగ్గీడమంటే వాళ్ళ భాషలో వదిలెయ్యడం.

అంతే కదా. పది నిమిషాల పని. మర్నాడే ఇద్దరూ బస్సెక్కి పట్నం వెళ్ళారు.

ఎంపీ ఆఫీసు సముద్రానికి రెండు వీధుల వెనక ఉంది. గోడ మీద పెద్ద పటం, దాని మీద ఎర్రగీత. పొద్దున తొమ్మిదికి వెళ్తే పన్నెండున్నరకు పీఏ పిలిచాడు. కుర్రవాడు, జుట్టుకు నూనె, మాటకు తేనె.

"సొరరేవా? ఏ ఒడ్డమ్మా?"

"ఆవలొడ్డు బాబూ."

పీఏ పటం వైపు తిరిగి, పెన్ను కొసతో గీతకు ఆ పక్క ఒక చోట పొడిచాడు. "మీరు మా కాన్‌స్టిట్యూయెన్సీ కాదు కదమ్మా. శ్రీరామ్మూర్తిగార్ని అడగండి."

"ఏదీ అడగడానికి రానేదు బాబూ. ఇచ్చీసింది ఎనక్కి తీసుకుందారని వచ్చినాం." రామలక్ష్మమ్మ వలమాట సంగతంతా చెప్పింది. "బాబు వచ్చి వల అంచు ఓపాలి పట్టుకుని ఒగ్గీమనండి. పది నిమిసాలు. కాపీ నీళ్ళు కూడా అడగం."

పీఏ నవ్వాడు. పక్క బల్ల దగ్గరివాడూ నవ్వాడు. "మీ ఓట్లు ఎలాగూ మాకు పడవు. వెనక్కి ఇచ్చేదేముందమ్మా ఇందులో? సార్‌కు ఎన్నికలయ్యేదాకా క్షణం తీరికలేదు. బయట నియోజకవర్గం ప్రోగ్రాములు పెట్టుకోవట్లేదు."

"మరి గట్టు?"

"ఆ ఫైలు మూసేశాం."

అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుని దేవీప్రసాద్ బయటికి వచ్చాడు. వెనక పదిమంది. ఎవరికీ పెట్టని దణ్ణం ఒకటి గాలిలోకి పెట్టి, రామలక్ష్మమ్మ వైపు చూసి, "బావున్నారా అమ్మా? అంతా బావున్నారా?" అంటూ ఆగకుండా మెట్లు దిగిపోయాడు. రెండేళ్ళ కిందట గుడి ముందు ఆడవాళ్ళ వరసలోకి వచ్చి ఆవిడ చేతులు పట్టుకుని అమ్మలాంటిదానివన్నాడు. మొహంలో గుర్తు పట్టిన జాడ కూడా లేదు. కొనేటప్పుడు బతిమాలి, కొనేశాక తట్టను కాలితో తన్నేవాళ్ళను ఆవిడ మార్కెట్లో చాలామందిని చూసింది. ఇంత నవ్వుతూ తన్నేవాణ్ణి మాత్రం చూడలేదు.

బస్సులో చిట్టమ్మ ఏడ్చింది. రామలక్ష్మమ్మకు ఏడుపు రాలేదు, వొళ్ళు మండింది. ఓటు అడుక్కోవడానికి ఇసకలో పొర్లినవాడు, ఓటు వదులుకోవడానికి పది నిమిషాలు ఇవ్వడా? ఇవ్వకపోతే మానె. రుషికొండ దాటేసరికి ఆవిడకు ఒక ఆలోచన తట్టింది. వాడు వల దగ్గరికి రాకపోతే వలే వాడి దగ్గరికి వెళ్తుంది.

వచ్చే గురువారం దేవీప్రసాద్ పట్నంలో జాలరిపేటకు వస్తున్నాడని చిట్టమ్మ చెల్లెలు కబురు చెప్పింది. అక్కడి మత్స్యకారుల ఓట్లు కావాలి కదా, అందుకని బోటెక్కి వల పట్టుకుని ఫొటోలు దిగుతాడట. రామలక్ష్మమ్మ నేరుగా గుడికి వెళ్ళి జగ్గయ్య ముందు నిలబడింది.

"బావా, వల దింపు. జాలరిపేట అట్టుకెల్తాం. ఆ బాబు సేతే ఒగ్గిత్తాను."

"లాక్కుంటే సెల్లదు." జగ్గయ్య వేలు ఎత్తాడు. "ఆడంతట ఆడు పట్టాల. ఆడంతట ఆడు ఒగ్గాల. నాను కళ్ళారా సూడాల."

"సూద్దువుగానిలే. నువ్వూ రా."

పట్టించడం సులువు. ఫొటో అంటే పామునైనా పట్టుకునే రకం. వదిలించడమే కష్టం, ఎందుకంటే కెమెరా ముందు పట్టుకున్నది వీళ్ళు వదలరు. కానీ పాతికేళ్ళు చేపలమ్మిన మనిషికి ఒకటి తెలుసు. బట్టలు చలవ చేయించుకునేవాళ్ళ చెయ్యి దేన్ని వదిలేస్తుందో తెలుసు. నెత్తళ్ళు కడిగిన నీళ్ళు ఒక బానలో మూడు రోజులు ఎండలో మగ్గబెట్టింది. వల అంచును అందులో నానేసింది. వాసనకు కుక్కలు కూడా రెండు ఇళ్ళు అవతల నుంచి మొరిగాయి. జగ్గయ్య చూసి గుండెలు బాదుకున్నాడు.

"తల్లి వలని ఆ కంపు నీల్లల్లో ముంచినావేటే!"

"సేప నీల్లు తల్లికి కొత్తేటి బావా?"

జగ్గయ్య చుట్ట వెలిగించుకున్నాడు.

గురువారం జాలరిపేట ఒడ్డున జనం. మైకు, దండలు, ఎవరో అద్దెకు తెచ్చిన డప్పులు. దేవీప్రసాద్ కాళ్ళు తడవకుండా ఒడ్డుమీద పెట్టిన పడవలో నిలబడి, తలకు తువ్వాలు చుట్టుకుని, తాను సముద్రపు బిడ్డనని చెప్పుకుంటున్నాడు. సముద్రం వింటూనే ఉంది, ఏమీ అనలేదు. రామలక్ష్మమ్మ తలమీద మడత పెట్టిన వలతో జనాన్ని తోసుకుంటూ పడవ దగ్గరికి వెళ్ళింది. వెనక జగ్గయ్య, కోటి, ఆవలి ఒడ్డు మగవాళ్ళు పదిమంది. వాసనకు జనమే దారి ఇచ్చారు.

"బాబూ! సొరరేవు నుంచొచ్చినాం. ఇది మా గంగమ్మ గుడిలో వల. మీ సేతులో ఎట్టాలని మా ఊరి కోరిక."

సొరరేవు ఎక్కడో ఆయనకు గుర్తు లేదు. గుడి వల అన్న మాట మాత్రం చెవిన పడింది. ఫొటోవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. దేవీప్రసాద్ రెండు చేతులూ చాపి అంచు అందుకుని, దాన్ని భుజాల దాకా ఎత్తి నవ్వాడు. మెరుపులు మెరిశాయి. ఏ రేవులోనైనా చెప్పే మాట నోటికి వచ్చేసింది.

"గంగమ్మ తల్లి సాక్షిగా చెప్తున్నాను! మీ సొరరేవుకు గట్టు కట్టించే పూచీ నాది!"

జనం చప్పట్లు కొట్టారు. రామలక్ష్మమ్మ ఆయన మొహాన్నే చూస్తోంది. మొదట ముక్కుపుటాలు కదిలాయి. తరవాత ఆ నీళ్ళు మణికట్టు మీదుగా తెల్ల చొక్కా చేతుల్లోకి జారాయి. నవ్వు పెదాల మీద ఉండగానే కళ్ళు మూసుకుపోయాయి. ఒక్క క్షణం, రెండు. అబ్బా, ఏం ఓర్పు! ఢిల్లీలో కూర్చోవాలంటే ఎంత ఓర్పు కావాలో అప్పుడు తెలిసింది ఆవిడకు. మూడో క్షణంలో ఒక చుక్క గడ్డం మీద పడింది. ఆయన "ఛీ" అని రెండు చేతులూ విదిలించి వలను పడవ బయటికి వదిలేశాడు. ఎవరో నీళ్ళసీసా అందించారు. ఎవరో రుమాలు ఇచ్చారు. ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఒగ్గీసినాడు" అన్నాడు జగ్గయ్య. "ఆడంతట ఆడే ఒగ్గీసినాడు. నాను సూసినాను."

పదిమందీ దణ్ణం పెట్టారు, వలకు. దేవీప్రసాద్ తనకే అనుకుని తడి చేత్తో తిరిగి పెట్టాడు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది: గంగపుత్రుల ఘన సత్కారం. చిట్టమ్మ ఆ కాగితంలో ఎండుచేపలు పొట్లం కట్టింది.

కోటి వల మడతపెట్టి తల మీద పెట్టుకుంటూ అమ్మ వైపు చూసి నవ్వాడు. రెండేళ్ళుగా వాడి మెడ మీదున్న బరువు దిగిపోయింది. రామలక్ష్మమ్మకు ఆ నవ్వు చాలు. ఇక నాలుగొందల ఓట్లు చేతిలో ఉన్నాయి, శ్రీరామ్మూర్తి అనేవాణ్ణి కూర్చోబెట్టి బేరమాడొచ్చు. ముందు రాళ్ళ లారీ, తరవాత వేలు. బస్సులో దారి పొడుగునా లెక్కలు వేసుకుంది.

రెండు రోజుల తరవాత తగరపువలస నుంచి ఖాళీ తట్టతో వస్తుంటే గుడి దగ్గర గుంపు కనబడింది. ప్లాస్టిక్ కుర్చీలో ఒక లావుపాటి ఆయన కూర్చుని ఉన్నాడు, పక్కన మోటారుసైకిలు మనిషి. ఆయనే శ్రీరామ్మూర్తి. ఎదురుగా నేల మీద వల పరిచి ఉంది. ఆవలి ఒడ్డు మగవాళ్ళు నూటయాభైమందీ చుట్టూ గొంతుక్కూర్చుని అంచు పట్టుకున్నారు. కోటి కూడా ఉన్నాడు. జగ్గయ్య నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు.

వాసన ఇంకా వదలని వల! ఒకడి చేతిలోంచి ఊడబెరుక్కొచ్చి మూడో రోజు కాలేదు, ఇంకొకడి చేతికి కట్టేస్తున్నాడు. కుక్క తోక అన్నా సిగ్గుపడాలి. ఇన్నేళ్ళూ ఎంపీలను తిట్టుకుంది గాని, వాళ్ళేం చేశారు పాపం? చెయ్యి చాపితే ఈ ఊరు మెడ ఇచ్చింది. గుంజకు కట్టెయ్యమని గొర్రెలే తాడు పట్టుకు తిరుగుతుంటే కసాయివాడిదా తప్పు?

తట్ట కింద పడేసి గుంపులోకి నడిచింది. ఆ గుడి ముందు, మగవాళ్ళ వరసలోకి, ఆడది వెళ్ళడం అదే మొదలు.

"ఎవులి వల బావా అది?"

"ఏటే, ఇక్కడికొచ్చీసినావ్? తల్లి వల. ఎల్లు."

"తల్లికి కావలిస్తే ఉంచుకోదేటి? అక్కర్నేదనే ఒడ్డుకి తోసీసింది. అది నా మొగుడు అప్పలసూరి వల. రెండు వేసంకాలాలు కూకుని అల్లినాడు. నాను దీపం పట్టుకున్నాను. నువ్వు గుడిలో ఏలాడగట్టినావు, నానేటీ అన్నేదు. పద్దెనిమిదేళ్ళు ఆ వలేసి ఏటి పట్టినావు బావా? ఓ సేపైనా పడినాదా? ఊరోలందర్నీ పట్టినావు. పట్టి ఆలకీ ఆలకీ అమ్మీసినావు!"

శ్రీరామ్మూర్తి కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది. "తప్పు తల్లీ. మాట ఇచ్చిపుచ్చుకుంటేనే కదా పనులయ్యేది. నా మీద నమ్మకం లేదా?"

రామలక్ష్మమ్మ ఆయన్ని తేరిపార చూసింది. మెడలో గొలుసు, చేతికి మూడు ఉంగరాలు, కాళ్ళకు ఇసక అంటకుండా కింద పరిచిన చాప.

"నమ్మకం దాకా ఎందుకు బాబూ. నాను సేపలమ్ముకునేదాన్ని. సరుకు సూడకండా ఇచ్చీసిన బేరం ఎక్కడా నేదు." వలవైపు వంగి అంచు పట్టుకుంది. "కోటీ, ఒగ్గు."

కోటి తల ఎత్తాడు. పెదనాన్న వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు, తల్లి చేతి వైపు చూశాడు. వదిలేశాడు. వాడి పక్కనున్న గవర్రాజు అనే ముసలాయన, అప్పలసూరితో పాటు ఆ రోజు పడవలో ఉండి ఈది బయటపడ్డవాడు, కళ్ళు తుడుచుకుని తానూ వదిలేశాడు. ఆ తరవాత ఒక్కొక్క చెయ్యీ ఊడింది. చివరికి జగ్గయ్య ఒక్కడే మిగిలాడు, నూటయాభై గడపల వలకు ఒక కొస పట్టుకుని. అతని చేతిలోంచి ఆవిడ లాగలేదు. నిలబడి చూసింది. కాసేపటికి ఆ వేళ్ళు వాటంతటవే సడలాయి.

ఓట్ల రోజు తెల్లవారుజామున కోటి ఆ వల వేసుకుని వేటకు వెళ్ళాడు. రెండు చోట్ల చిరుగులు ఆవిడే కుట్టి ఇచ్చింది. తరవాత చిట్టమ్మతో కలిసి బడిలో బూతుకు వెళ్ళింది. గుమ్మం బయట మోటారుసైకిలు మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మా బాబుకేనా అమ్మా?"

"మూడో కెరటం కాడ రాయి పడిన నాడు రా నాయినా, సెప్తాను."

ఎవరికి వేసిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చిట్టమ్మకు కూడా. వేలి మీద సిరా గుర్తుతో నేరుగా ఒడ్డుకు వచ్చి, తట్ట పట్టుకుని, తొంభై ఒకటిలో నిలబడ్డ చోటే నిలబడింది. గట్టు లేదు. వచ్చే ఏడాది ఉంటుందన్న ఆశా లేదు. ఢిల్లీకి ఎవడు వెళ్ళినా ఈ మూడు కెరటాలు ఇక్కడే ఉంటాయి. ఎండ ఎక్కేసరికి కోటి పడవ కనబడింది. మొదటి కెరటం ఎక్కి దిగింది. రెండోది పక్కనుంచి కొట్టింది. మూడోదాని మీద పడవ ముక్కు ఆకాశంలోకి లేచినప్పుడు ఆవిడ కళ్ళు మూసుకోలేదు, ఈసారీ మూసుకోలేదు. తెడ్డు పడింది. పడవ ఇసకను ఒరుసుకుంటూ వచ్చి ఆగింది.

కోటి వల దింపి విదిలించాడు. కానాగంతలు, తట్ట నిండా. ఆవిడ ఒకటి తీసి మొప్ప ఎత్తి చూసింది, అలవాటు చొప్పున. ఎర్రగా ఉంది. తట్ట నెత్తికెత్తుకుని, గుడి అరుగు మీద చుట్ట కాల్చుకుంటున్న జగ్గయ్య ముందునుంచే, తగరపువలస ఆటో కోసం రోడ్డెక్కింది.